చెల్లిన వేలిముద్ర

పోలీసులు ఆ గదిలో గంటసేపు ఉన్నారు. మెడ చూశారు, తాడు చూశారు, దూలం ఎత్తు కొలిచారు. ఆత్మహత్య అని పంచనామా రాసి ఐదుగురి చేత సంతకాలు పెట్టించుకున్నారు. చచ్చినవాడి ఎడమచేతి బొటనవేలు మాత్రం ఒక్కరూ చూడలేదు.

నేను వెళ్ళేసరికి ఎనిమిదిన్నర అయింది. గురువారం, జనవరి ఇరవై నాలుగు, 1946. చిత్తూరు బజారు వీధి వెనకున్న సత్రంలో మూడో గది. శవాన్ని దించి చాప మీద పడుకోబెట్టారు. ఆసుపత్రి బండి ఇంకా రాలేదు. గుమ్మం పక్కన ముప్పై ఏళ్ళ ఆడమనిషి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. ఏడవడానికి కూడా తీరిక లేని కష్టం వచ్చిపడ్డ మొహం అది.

"రాజారత్నం సార్ అంటే మీరేనా?" అంది లేచి నిలబడి. "నా పేరు తాయమ్మ. ఆయన మా నాయన, మునస్వామి. నగరిలో మగ్గం నేస్తాము. పొద్దున ఏడూ ముక్కాలు బస్సుకు దిగినా. వొచ్చేతలికి ఇట్ల ఉండాడు."

"ఎందుకు వచ్చినాడమ్మా చిత్తూరికి?"

"నోట్లు మార్చేదానికి. మా నాయన కాడ పదకొండు మగ్గాల దుడ్డు ఉండాది సార్. వెయ్యి రూపాయల నోట్లు, ఎనిమిది. అది ఒక్క మా ఇంటిది కాదు, పదకొండు ఇండ్లది. శనివారం లోపల బ్యాంకులో ఇయ్యకుంటే ఉత్త కాయితాలు. ఇప్పుడు సూస్తే నాయన లేడు, నోట్లూ లేవు. ఊరికి పోతే మునస్వామి సంఘం దుడ్డు తినేసి ఉరేసుకున్నాడంటారు. యా మొగం పెట్టుకోని పోయేది నేను?"

ఆ నెల పన్నెండో తేదీన ఢిల్లీలో ఒక సంతకం పడింది. ఐదు వందలు, వెయ్యి, పదివేల రూపాయల నోట్లు ఆ అర్ధరాత్రి దాటితే చెల్లవు. దగ్గరున్నవాళ్ళు పది రోజుల్లోపల బ్యాంకుకు పోయి, ఎట్లా వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎందుకు దాచావు అన్న ప్రశ్నలన్నిటికీ ఫారం నింపి, సాహుకారి దగ్గర అప్పుకు పోయినవాడిలా చేతులు కట్టుకుని నిలబడి మార్చుకోవాలి. తరువాత దయతలచి గడువు ఇరవై ఆరుకు పెంచారు. దొంగ దోచుకుంటే దానికొక సెక్షను ఉంది. సర్కారు దోచుకుంటే దాని పేరు ఆర్డినెన్సు. పద్నాలుగేళ్ళు పోలీసు కొలువు చేసినవాణ్ణి, ఈ మాట అనడానికి నాకు హక్కుంది.

ఆ కొలువు ఎట్లా పోయిందో కూడా చెప్పేస్తాను. నలభై మూడులో ఈ ఊళ్ళో చిల్లర దొరికేది కాదు. యుద్ధానికని సర్కారు కాగితాలు అచ్చుకొట్టుకుంటూ పోయింది, వెండీ రాగీ భూమిలోకి దిగిపోయాయి. అప్పుడు చిల్లర దాచినవాళ్ళను పట్టుకోమని హుకుం వచ్చింది. చింతపండు అమ్మే గంగులమ్మ కుండలో పన్నెండు రూపాయల అణాలు దొరికాయి. లాకప్పులో వెయ్యమన్నారు, నేను వెయ్యలేదు. నా సబ్‌ఇన్‌స్పెక్టరు టోపీ ఊడింది. అప్పుడు నా కింద రైటరుగా ఉన్న జయరావు ఆమెను లాకప్పులో వేశాడు, ఆ తర్వాత మెట్టుమీద మెట్టు ఎక్కి ఇన్‌స్పెక్టరయ్యాడు. నేను వకీళ్ళకు ఆరాలు తీసిపెట్టి బతుకుతున్నాను. గంగులమ్మ జైలునుంచి వచ్చి ఈ సత్రం ఊడ్చుకుని బతుకుతోంది. ఈ పొద్దున నాకు కబురు పంపింది ఆమే.

"ఎన్ని గంటలకు వచ్చినాడు ఈయన?" అని గంగులమ్మను అడిగాను.

"నిన్న మూడు కొట్టినాక సామీ. బ్యాంకు మూసేసినారని గొణుక్కుంటా వొచ్చినాడు. కొత్త గుండు, గుండు నిండా గంధం. కొండ దిగి నేరుగా వస్తాండా అన్నాడు."

"ఆయనకోసం ఎవరన్నా వచ్చినారా?"

"దీపాలు పెట్టేయాళకి ఒకాయన వొచ్చినాడు. తెల్లపంచ, పైన నల్లకోటు. మంచుకని తలకు గుడ్డ సుట్టుకోనుండాడు. మొగం కనపళ్ళా."

"ఎంతసేపు ఉన్నాడు?"

"నా కాడ గడియారముండాదా సామీ? ఎసరు పెట్టి, సంగటి కెలికి, దించేదాకా. ముక్కాలు గంట అనుకో."

"మాటలు వినపడినాయా?"

"ఈయన గొంతే పెద్దగా ఇనపడింది. 'సంతకం నేనే పెడతా, బ్యాంకుకీ నేనే వస్తా' అని రెండుసార్లు అన్నాడు. తరవాత సద్దులేదు. మెల్లిగా మాట్లాడుకుంటాండారులే అనుకున్నా." ఆమె గొంతు తగ్గింది. "ఆ కోటాయన పోయేటప్పుడు వాకిట్లో నిలబడినాడు సామీ. గది పక్కకి తిరిగి రెండు చెంపలూ వాయించుకోని పోయినాడు. ఈడ గుడి లేదు, పటం లేదు. ఎవురికి మొక్కినాడో నాకు తెలీలా."

"పొద్దున తలుపు ఎట్లా తీసినావు?"

"ఆరున్నరకి తట్టినా. పలక్కపోతే తోసినా. దగ్గరికేసిందే, లోపల గడియ లేదు."

ఉరి వేసుకునేవాడు గడియ వెయ్యడం మరిచిపోతాడా? మరిచిపోతే పోవచ్చు. ఒక్క గడియ చూసి హత్య అనేవాడు పోలీసు కాదు, జోస్యుడు. నేను గదిలోకి వెళ్ళాను.

ముందు తాడు చూశాను. కొత్త గుండుకు పూసిన గంధం ఎండితే పెచ్చులుగా లేస్తుంది, ముట్టుకుంటే చాలు రాలుతుంది. మనిషి తనంతట తాను ఉచ్చు తల మీదుగా దించుకుంటే ఆ తాడుకు గంధం అంటి తీరాలి. ఉచ్చు మొత్తం తెల్లగుడ్డతో తుడిచాను. ఒక్క రవ్వ లేదు. అంటే తాడు తల మీదుగా దిగలేదు. పడుకున్నవాడి మెడకు చుట్టి తర్వాత ముడి వేశారు. ఇక గంధం ఎక్కడికి పోయింది? మూలన చుట్టి పెట్టిన కంబళి విప్పితే కనబడింది. నడిమధ్య అరచెయ్యి వెడల్పున గంధం, దాని కిందుగా ఉమ్మి ఆరిన చార. కంబళి మొహం మీద అదిమి ఊపిరి తీసిన తర్వాతే దూలానికి ఎత్తారు. మునస్వామి బక్కమనిషి, మగ్గంగుంటలో కూర్చుని కూర్చుని కాళ్ళు పుల్లలైన మనిషి. ఎత్తడం పెద్ద పనేం కాదు.

అప్పుడు చూశాను ఎడమ బొటనవేలు. గోటి అంచుదాకా నల్లటి సిరా.

"మీ నాయనకు సంతకం రాదామ్మా?"

తాయమ్మకు అంత దుఃఖంలోనూ రోషం వచ్చింది. "రాకపోవడమేంది సార్! రేత్రిబడికి పోయి నలభై ఏండ్లకు నేర్చుకున్నాడు. నూలు కోటా కాయితాలన్నిట్లో ఆయన సంతకమే. ఏలిముద్ర ఎయ్యమంటే కొట్టేదానికి పోతాడు."

గోడకు కొట్టిన మేకుకు చిన్న పసుపుగుడ్డ మూట వేలాడుతోంది. చక్కగా ముడివేసి ఉంది. దాన్ని తియ్యమంటే తాయమ్మ చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"అది ముడుపు సార్. ఏడుకొండలాయనది. నోట్లు దాన్లోనే ఉండాల్సింది."

విప్పి చూశాను. నోట్లు లేవు. ఒక్క రూపాయి ఉంది. రాణిబొమ్మ పాత వెండి రూపాయి, పసుపు పట్టి మెరుస్తోంది.

తాయమ్మ చెప్పిందంతా ఇక్కడ కుదించి రాస్తాను. సర్కారు వెండి రూపాయలు చెల్లవని వెనక్కి లాక్కున్నప్పుడు నగరి నేతగాళ్ళు తమ వెండి ఇచ్చి కాగితం తెచ్చుకున్నారు. యుద్ధంలో పటాలానికి తువ్వాళ్ళు నేసిన కూలీ దానికి కలిసింది. పదకొండు ఇళ్ళ సొమ్ము ఒక్కచోట ఎక్కడ దాచాలి? పెట్టెకు తాళం పగులుతుంది, పాతిపెడితే చెదలు పడుతుంది. అందుకని పెద్దనోట్లుగా మార్చి, పసుపుగుడ్డలో ఒక రాణి రూపాయితో కలిపి వెంకటేశ్వరుడి పేర ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టారు. ఇక దాన్ని ముట్టుకునేవాడు నగరిలో లేడు. వడ్డికాసులవాడి సొమ్ము ముట్టుకుని ఎవడు బతికి బట్టకడతాడు?

ఆర్డినెన్సు వచ్చినప్పుడు ఆ కట్టుదిట్టమే వాళ్ళ మెడకు చుట్టుకుంది. కట్టిన ముడుపు కొండకు చేర్చకుండా విప్పితే అపరాధం. విప్పాలా వద్దా అని పదకొండు ఇళ్ళవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక ముసలామె ఒప్పుకోలేదు. ఆమె ఒప్పుకునేదాకా ఆగారు. చివరికి మునస్వామి కొండకు నడిచిపోయి, తలనీలాలిచ్చి, స్వామిని క్షమించమని అడిగి, అప్పుడు విప్పాలని తీర్మానం. దేశంలో సొమ్ము చంపడానికి ఢిల్లీవాళ్ళకు ఒక్క పూట పట్టింది. తమ సొంత మూట ముడి విప్పుకోవడానికి నగరివాళ్ళు ఎనిమిది రోజులు ఒకరినొకరు అడుక్కున్నారు. ఎవరిది రాజ్యాంగమో, ఎవరిది మూఢనమ్మకమో మీరే చెప్పండి.

"తిరుపతిలోనే మార్చుకోవచ్చు కదా?"

"ఆడ ఎవురికి తెలుసు మేము? బ్యాంకోళ్ళు తెలిసిన సాక్షి సంతకం కావాలంటారంట. చిత్తూర్లో ఒకాయన సాక్షిని కుదిరిస్తానన్నాడని నాయన చెప్పినాడు. కోర్టు కాడ మా నూలు లైసెన్సు రాసిచ్చినాయన. పేరు నేను అడగలా. పదకొండు మంది సంతకాలు పెట్టిన తీర్మానం కాయితం తీసుకోని నన్ను పొద్దున బస్సుకు రమ్మన్నాడు."

కోర్టు దగ్గర లైసెన్సులు రాసేవాళ్ళు డజను మంది ఉన్నారు. నేను ఆ వెండి రూపాయినే చూస్తున్నాను.

"ఏంన్నా," అన్న గొంతు వెనకనుంచి వినబడింది. "చింతపండు కేసు తరవాత ఇదేనా దొరికింది?"

జయరావు. బూటు తుడుచుకోకుండా లోపలికి వచ్చాడు. చేతిలో పంచనామా చుట్ట ఉంది.

"ఈ కేసు అయిపోయింది. నోట్లు చెల్లవని మనసు ఇరిగింది, ఉరేసుకున్నాడు. జిల్లాలో ఇది రెండోది."

"నోట్లు యాడ ఉండాయి జయరావూ?"

"సించి పారేసుంటాడు. చెల్లని కాయితం ఎందుకు దాస్తాడు?"

"శనివారం దాకా చెల్లుతాయని తెలిసే గదా ఈడికి వచ్చింది. సించితే ముక్కలు యాడ? సరే, అది వదిలెయ్. ఈ మూట విప్పినవాడు ఎనిమిది కాయితాలు తీసుకున్నాడు. వెండి రూపాయి వదిలేసినాడు. వదిలెయ్యడమే కాదు, మళ్ళా మూటగట్టి మేకుకు తగిలించినాడు. సర్కారు లెక్కలో ఆ రూపాయి కూడా చెల్లదు, అయినా కంసాలి అంగట్లో ఇప్పటికిప్పుడు రూపాయికి పైనే ఇస్తారు. మామూలు దొంగ అయితే ముందు వెండి తీసుకుంటాడు. వీడు ముడుపు సంగతి తెలిసినోడు. దేవుడి రూపాయి ముట్టుకునేదానికి భయపడినాడు, వాకిట్లో చెంపలేసుకోని మరీ పోయినాడు. మనిషి ఊపిరి తీసేదానికి మాత్రం భయపళ్ళా."

"ఊపిరి తీసినాడా? ఎవురు చెప్పినారు?"

కంబళి చూపించాను. తాడు తుడిచిన గుడ్డ చూపించాను. జయరావు మొహంలో ఏమీ కదల్లేదు. వాడు ఏదైనా అర్థం చేసుకోవడానికి ముందు, అది తనకు లాభమా నష్టమా అని చూసుకునే రకం. అందుకే పైకొచ్చాడు.

"గంధం, కంబళి! కోర్టులో నవ్వుతారన్నా. చూడు, ఈ సట్టం వచ్చింది నల్లబజారోళ్ళను పట్టేదానికి. యుద్ధంలో లక్షలు మింగినోళ్ళు బయటపడాల. మధ్యలో ఒకరిద్దరు మొగం లేనోళ్ళు చచ్చినారంటే సర్కారు ఏం చేస్తాది?"

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు నా ఇల్లు సోదా చెయ్యాలంటే నీకు మేజిస్ట్రేటు వారంటు కావాల. ఎందుకు? నీ ఒక్కని మాట మీద నా పెట్టె తెరవకూడదని. మరి దేశంలో ప్రతి ఒక్కరి పెట్టెలో ఉండే రూకను చంపేదానికి ఎవురి వారంటు కావాల? ఎవురు అడ్డం చెప్పినారు? శాసనసభ కూర్చుందా? రాసినాడు, చేవ్రాలు చేసినాడు, అయిపాయె. నల్లబజారోడు వెయ్యి నోటు నాలుగు నూర్లకు అమ్ముకోని మిగిలింది కాపాడుకున్నాడు. చచ్చింది మగ్గంగుంటలో కూర్చున్నోడు. అడ్డులేని సంతకం కంటే కత్తి మేలు జయరావూ. కత్తి పట్టుకున్నోణ్ణి కనీసం గుర్తుపట్టొచ్చు."

"ఉపన్యాసం అయిందా?"

"అయింది. ఇప్పుడు ఈ బొటనవేలు చూడు."

చూశాడు. మొదటిసారి వాడి కనుబొమలు కదిలాయి.

"సంతకం వచ్చినవాడి వేలికి సిరా ఎందుకుంది?" అన్నాను. "'సంతకం నేనే పెడతా, నేనే వస్తా' అని నిన్న ఈయన అంటా ఉంటే గంగులమ్మ వినింది. మునస్వామి వద్దన్నది ఆయన చచ్చినాక చేయించుకున్నారు. సిరాదిండు జేబులో పెట్టుకోని తిరిగేది ఎవురు? గుమాస్తాలు, రైటర్లు, మీవాళ్ళు. వేలిముద్ర వేయించుకున్నారంటే ఫారం ఉండాది. ఫారం ఉంటే అది ఈపాటికి బ్యాంకులో ఉంటాది. పది దాటింది. వస్తావా?"

"వస్తా. నువ్వు బోర్లాపడేది చూడాల గదా."

తాయమ్మ కూడా మా వెనకే వచ్చింది. వద్దని నేను అనలేదు. అని ఉండాల్సింది.

బజారు వీధి బ్యాంకులో ఈగ దూరే సందు లేదు. ఇన్‌స్పెక్టరు టోపీ చూసి జనం పాయగా విడిపోయారు. క్యాషియరు మునికృష్ణ నన్ను చూడగానే లేచి నమస్కారం పెట్టాడు. ఈ పది రోజుల్లో ఆ బ్యాంకు మనుషులందరికీ నా మొహం అలవాటైపోయింది. ఊరూపేరూ లేనివాళ్ళకు సాక్షి సంతకం పెట్టేవాడు దొరక్క, వకీళ్ళ గుమాస్తాలు సంతకానికి రెండేసి రూపాయలు గుంజుతుంటే, నేను ఊరికే పెట్టాను. నలభై మందికి పైనే పెట్టి ఉంటాను. సర్కారు మీద నాకున్న కసి తీర్చుకోవడానికి నాకు దొరికిన దారి అదొక్కటే.

"మునస్వామి. నగరి. వెయ్యి నోట్లు ఎనిమిది. ఫారం వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది సార్. ఈరోజు మొదటి ఫారం అదే. పదీ అయిదుకు దుడ్డు ఇచ్చేసినాము, అన్నీ నూర్లే." అతను నా వైపు అయోమయంగా చూశాడు. "ఏమన్నా తేడా ఉండాదా సార్? మీరే ఇట్ల అడగతారేంది?"

"తెచ్చింది ఎవురు?"

"గుంపులో సరిగా చూళ్ళేదు సార్. నల్లకోటాయన. మనిషికి బాగలేదు, సత్రంలో పండుకోనుండాడు అన్నాడు. ఏలిముద్ర ఉండాది, సాక్షి ఉండాడు. ఇంక నేనేం అడిగేది?"

"ఇచ్చిన నోట్ల నంబర్లు?"

"రాసి పెట్టుకున్నాము సార్."

ఆ మాటతో తాయమ్మ కళ్ళలోకి ప్రాణం వచ్చింది. పదకొండు ఇళ్ళ సొమ్ము చావలేదు. రూపం మార్చుకుని ఈ ఊళ్ళోనే ఎవడి పెట్టెలోనో ఉంది. నంబర్లు పట్టుకుని వెతికితే దొరుకుతుంది. నాకు కూడా గర్వంగానే అనిపించింది, దాచుకోను.

మునికృష్ణ ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. నేను వేలిముద్ర మీద మాత్రమే వంగాను.

"చూడు జయరావూ. బతికినోడు ముద్ర వేస్తే వేలు తనంతట తాను ఆనిస్తాడు, గీతలు తేటగా పడతాయి. దీంట్లో ఒక పక్క సిరా ముద్దకట్టింది, ఇంకో పక్క అసలు అంటనేలేదు. వేల్లో ప్రాణం లేదు, ఇంకొకడు పట్టుకోని అదిమినాడు. నిన్న దీపాలు పెట్టినాక చచ్చినోడు ఈరోజు పదీ అయిదుకు ఎనిమిది వేలు తీసుకున్నాడు. ఇప్పుడు చెప్పు, ఆత్మహత్యా?"

జయరావు ఫారం తనవైపు తిప్పుకుని పైనుంచి కిందికి నిదానంగా చదువుతున్నాడు. చివరి గీత దగ్గర వాడి వేలు ఆగింది. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"అమ్మా," అన్నాడు తాయమ్మతో, ఎంతో మర్యాదగా. "ఇంగ్లీషులో ఉండాది, నీకు చదివి చెప్తా విను. 'పైన కనపరచిన మునస్వామిని నేను స్వయంగా ఎరుగుదును. అతడు నా ఎదుట వేలిముద్ర వేసినాడు.' కింద సాక్షి సంతకం." ఫారం నా ముందుకు జరిపాడు. "ఈ సంతకం ఎవురిదన్నా?"

నాదే. కొమ్ము లాగిన తీరు, కింద పెట్టే రెండు చుక్కలు, అన్నీ నావే. ఒకడు దిద్ది నేర్చుకున్నది కాదు. నా చేత్తో, నా కలంతో నేను పెట్టింది.

మంగళవారం మధ్యాహ్నం. అప్పటికి గడువు అదే రోజు అనుకుంటున్నాం, ఊరంతా గగ్గోలుగా ఉంది. వకీలు గుమాస్తా వరదయ్య చెమటలు కక్కుకుంటూ నా ఇంటికి వచ్చాడు. పదేళ్ళ స్నేహం. ఐరాల నుంచి వచ్చినవాళ్ళు ఆరుగురు కోర్టు దగ్గర ఉన్నారన్నా, బండి వెళ్ళిపోతోంది, పేర్లు నేను నింపుకుంటాను, నువ్వు సంతకాలు పెట్టెయ్ అన్నాడు. ఆరు ఖాళీ ఫారాలు. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి. ఎడమచేత్తో విస్తరి పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుని, ఆరింటికీ పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. ఎవరు వాళ్ళు అని అడగలేదు. ఢిల్లీవాడి సంతకానికి అడ్డు ఎవరని గంట కిందట గొంతు చించుకున్నాను. నా సంతకానికి అడ్డు ఎవరున్నారు? మంచి మనసుతో పెట్టాను కదా, ఇంక అడ్డెందుకు అనుకున్నాను. బహుశా వాళ్ళూ అట్లాగే అనుకుని ఉంటారు.

"నాదే," అన్నాను. "ఖాళీ ఫారం మీద పెట్టినా. మంగళవారం. వరదయ్యకు ఇచ్చినా. నల్లకోటు వేసుకునేవాడు, సిరాదిండు జేబులో ఉండేవాడు, లైసెన్సులు రాసేవాడు. వాణ్ణి పట్టుకో."

"వరదయ్యనా?" జయరావు గొంతు తగ్గించాడు. "నిన్న మాపు దీపాలు పెట్టినకాడ్నుంచి పది గంటల దాకా వరదయ్య నా ఇంటి అరుగు మీద కూర్చోనుండాడు. దానికి నేనే సాక్షి."

 ఈ ఎనిమిది వేలు ఎన్ని చేతులకు పంచబడ్డాయో, అందులో ఒక చెయ్యి పోలీసు టోపీ పెట్టుకున్నవాడిదో కాదో, నాకు అప్పుడే అర్థం కావడం మొదలైంది.

"నువ్వు స్వయంగా ఎరుగుదువా జయరావూ?" అన్నాను.

వాడు నా చెవి దగ్గరికి వంగాడు. "పంచనామాలో ఆత్మహత్య అని ఉండాది. అట్లే ఉండనీ. మునస్వామి నిన్న నీ ఎదుట వేలిముద్ర వేసినాడు, దుడ్డు ఎవురికో రాసిచ్చినాడు, ఉరేసుకున్నాడు. నువ్వు ఇంటికి పోయి అన్నం తిను. కాదు హత్య అంటావా, మొదటి ముద్దాయివి నువ్వే. చచ్చినోడి వేలు నీ ఎదుట పడిందని నువ్వే రాసిచ్చినావు. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు నాకు?"

వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆత్మహత్య అయితే నేను బతుకుతాను. అప్పుడు నోట్ల నంబర్లు ఎవరూ వెతకరు. పదకొండు ఇళ్ళలో మగ్గాలు ఆగిపోతాయి, మునస్వామి దొంగగా మిగిలిపోతాడు. హత్య అయితేనే ఆ నంబర్లు జిల్లా అంతా వెళ్తాయి. దానికి ముందు నా చేతులకు సంకెళ్ళు పడతాయి.

"హత్య అని రాయి," అన్నాను, అందరికీ వినబడేట్టు. "క్యాషియరు గారూ, మీరు విన్నారు. ఆ నంబర్ల కాయితం, ఈ ఫారం ఇన్‌స్పెక్టరు చేతికి ఇచ్చేముందు వంద మంది చూస్తుండగా రసీదు రాయించుకోండి."

జయరావు కానిస్టేబులుకు సైగ చేశాడు. సంకెళ్ళు చల్లగా తగిలాయి. పద్నాలుగేళ్ళలో ఎన్ని చేతులకు వేశానో, ఇంత బరువని ఎప్పుడూ తెలియలేదు. జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్ళలో నేను సాక్షి సంతకం పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. 

తాయమ్మ నాకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఆమె కళ్ళలో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆమె ఆ ఫారం వైపు, తర్వాత నా వైపు చూసింది.

"మా నాయన మీకు తెలుసునని ఆ కాయితంలో ఉండాదంట గదా," అంది. "మా నాయన్ను మీరు ఎప్పుడు సూసినారు సార్?"

"ఈ పొద్దున," అన్నాను. "ఎనిమిదిన్నరకు."